మేకు లేని గది

ఈ గదికి ఒక్క ఇనప మేకు లేదు.
తలుపు బందులు ఇత్తడివి, దూలాలకి టేకు చీలలు,
కప్పు తాటాకు.
లోపలికెళ్లాలంటే నా జడపిన్నులు కూడా
అరటిబోదె పక్కన డబ్బాలో వదిలెయ్యాలి.
గౌతమి గట్టుకి అరమైలు, ముమ్మిడివరం బస్సుకి రెండు మైళ్లు.
ఇనుము నడిచే దారికి ఎంత దూరమైతే అంత మంచిది.

లోపల ఇటుక దిమ్మె మీద
ఓ తీగచుట్ట భూమి లాగుడుని కొలుస్తుంటుంది:
ఉత్తరానికెంత, తూర్పుకెంత, కిందికెంత.
అవతల పాకలో తెర మీద మూడు గీతలు.
మామూలు రోజున ఉత్తరం గీత
పొద్దెక్కితే ఎక్కి, పొద్దువాలితే దిగి,
కూలికెళ్లొచ్చిన మనిషిలా పడుకుంటుంది.

కాపలాకి వీర్రాఘవులు గారు.
ముప్పయ్యొక్కేళ్లు కాలవ మీద లస్కరు.
లాకు పలకలెత్తారు, ఎలకబొరియలు పూడ్చారు,
ఎనభయ్యారు వరదలో మూడు రాత్రులు గట్టు దిగలేదు.
"ఇప్పుడేటి కాస్తన్నానండీ నేను? గోడల్నా?"

గొడుగు మాత్రం మరవరు. ఇనప ఊచల నల్ల గొడుగు.
గది గుమ్మం దాకా వస్తే చాలు, గీత మీద ముల్లులా ఓ గుచ్చు.
లాగ్‌బుక్కులో రాస్తాను: 2.10, గొడుగు.
2.35, గొడుగు.
చెబితే నాలిక్కరుచుకుని
కొబ్బరిమోడుకి తగిలించి వస్తారు, తడుస్తూ.

ఆ ఆశ్వీజం రాత్రి వాన వెలిసింది.
సార్వా చేలు పాలు పోసుకుంటున్న వాసన.
తొమ్మిదీ పదిహేడుకి ఉత్తరం గీత
ఒక్క ఉదుటున లేచింది, నలభై రెండు.
గొడుగనుకున్నాను.
గొడుగు మోడుకే వేలాడుతోంది.

గొడుగైతే ఇక్కడొక్కచోటే కదులుతుంది.
ఎక్కడో కొండ మీదున్న మరో గదికి ఫోను చేశాను.
వాళ్ల గీతా అదే నిమిషానికి లేచింది.

"ఏటైందండీ?"
రెండ్రోజుల కిందట సూర్యుడి దగ్గర బయల్దేరిన గాలి
ఇప్పుడే మన గట్టుని మోదింది, అన్నాను.
"ఆకాశంలో మనకి గట్టేటండీ?"
ఉంది. భూమి తన అయస్కాంతంతో పోసుకున్నది.
అది లోపలికి నొక్కుకుంటే
ఇక్కడ గీత లేస్తుంది.

పదకొండున్నరకి దిగడం మొదలెట్టింది.
మైనస్ అరవై. మైనస్ నూట పది.
ఆయన చెక్కపీట దగ్గరికి లాక్కున్నారు.
"పోటయ్యి పాటు తీస్తందా?"
కాదు, గండి పడింది.
ఆ గాలి మోసుకొచ్చే అయస్కాంతం దక్షిణానికి తిరిగితే
మన గట్టే తలుపు తీస్తుంది.
చొరబడ్డ రేణువులు నాలుగైదు భూముల ఎత్తున
తూర్పు నుంచి పడమరకి భూమి చుట్టూ ఏరు కడతాయి.
ఆ ఏరు ఎంత పొంగితే ఈ గీత అంత కుంగుతుంది.

చాలాసేపు మాట్లాడలేదు.
"అంటే ఇది గేజీరాయి," అన్నారు.
"భద్రాచలంలో కురిసిన వాన మనకేం కనపడద్ది?
రాయి మీద నీరెక్కితే తెలుస్తది."
పదేళ్లుగా ఈ పని చేస్తున్నాను.
నాకింత సూటిగా ఎవరూ చెప్పలేదు.

రెండింటికి మైనస్ రెండొందల నలభై.
బయట కప్పలు. దబ్బున రాలిన కొబ్బరికాయ.
దూరంగా గ్యాసు మంట. చుక్కలన్నీ ఉన్నచోటే.
తుపానని పేరు దీనికి, ఆకు కదలదు.
కిందికి లాగే మూడో గీత మాత్రం మా ఒడ్డుదే:
పైన కదిలితే ఉప్పునీటిలో కరెంటు పుట్టి
మాకు అదనంగా ఓ ఊపు.
కొండ మీది గదికి అది లేదు.
నింగి మాటకి
సముద్రం తన మాట కలిపి గాని మా చెవిన వెయ్యదు.

ఆయన లేచి, సుద్దముక్కతో తలుపు మీద రాశారు:
రెండో ప్రమాద హెచ్చరిక.
ఎవరికండీ, అన్నాను.
"రాయడం మన డ్యూటీ అండి."

తెల్లవారుజామున గీత తిరగబడింది, మెల్లగా.
పొంగడం గంటల్లో, తియ్యడం రోజుల్లో. వరదకీ అంతే.
5.40కి ముల్లులా ఓ గుచ్చు.
అడ్డదారిన వస్తున్నారు, గది గుమ్మం మీదుగా,
చేతిలో టీ ఫ్లాస్కు, చంకలో అది.
"తగ్గిందాండీ?"

రూలు ప్రకారం ఆ నిమిషాన్ని డేటాలోంచి కొట్టెయ్యాలి.
కొట్టేశాను.
లాగ్‌బుక్కులో ఉంది.